శస్త్రచికిత్సలు – రకాలు, ఉద్దేశాలు: నెల్లూరు తీరం నుంచి ఉదాహరణలు

7.0 పరిచయం

ఇంతకు ముందు భాగంలో మందులతో చేసే చికిత్స గురించి చదివారు. మందుకు లొంగని జబ్బులు ఉన్నాయి. మందుకంటే త్వరగా, క్షేమంగా కత్తితోనే తేలిపోయే జబ్బులు కూడా ఉన్నాయి. అటువంటి సందర్భాలలో శరీరాన్ని పరికరాలతో తెరిచి గానీ, నోరు, ముక్కు, మూత్రమార్గం వంటి సహజ ద్వారాల గుండా లోపలికి వెళ్లి గానీ చేసే చికిత్సే శస్త్రచికిత్స. దెబ్బతిన్న భాగాన్ని తీసేయడం, బాగుచేయడం, మార్చడం మాత్రమే కాదు, లోపల ఏముందో కేవలం చూసి రావడం కూడా ఇందులోకే వస్తుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి. 7.6లో దీని అవసరం పడుతుంది.

ఈ కోర్సు చదువుతున్న వారిలో ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, ఆసుపత్రులలో పనిచేసే ఆరోగ్యమిత్రలు ఉంటారు. మీ దగ్గరకు ఒక కుటుంబం వచ్చి ‘ఆపరేషన్ చెయ్యాలన్నారు, ఏం చెయ్యమంటారు?’ అని అడుగుతుంది. జవాబు చెప్పవలసింది వైద్యులే. అయితే ఆ వైద్యులను ఏ ప్రశ్న అడగాలో ఆ కుటుంబానికి చెప్పగలిగినవారు చాలాసార్లు మీరే. శస్త్రచికిత్సల వర్గీకరణ నేర్చుకోవడం అందుకే. ఉదాహరణలను ఎక్కువగా నెల్లూరు తీరం నుంచి, అంటే ఉత్తరాన రామాయపట్నం నుంచి మైపాడు, కృష్ణపట్నం మీదుగా దక్షిణాన పులికాట్ సరస్సు వరకు ఉన్న పల్లెల నుంచి తీసుకొన్నాం.

7.1 ఎంత తొందర?

మొదటి వర్గీకరణ కాలాన్ని బట్టి ఉంటుంది. గంటలలో చేయకపోతే ప్రాణమో, అవయవమో పోయేవి అత్యవసర శస్త్రచికిత్సలు. ఒకటి రెండు రోజుల వరకు ఆగగలిగేవి త్వరిత శస్త్రచికిత్సలు. వారాలో నెలలో ఆగి, రోగిని సిద్ధం చేసి, తేదీ చూసుకొని చేసేవి ఐచ్ఛిక శస్త్రచికిత్సలు. వీటినే ఆసుపత్రిలో ‘ఎలక్టివ్’ అంటారు. ‘ఐచ్ఛికం’ అంటే అక్కరలేనిది అని అర్థం కాదు. ఈ పొరపాటు విద్యార్థులు పరీక్షలోనే కాదు, ఊళ్లో కూడా చేస్తుంటారు.

మన పల్లెల్లో ‘ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి’ అనే మాట విని ఉంటారు. అది అపెండిసైటిస్. బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి కుడివైపు కిందికి జరిగి అక్కడే నిలిచిపోతుంది. వాంతి, జ్వరం తోడవుతాయి. ఆలస్యమైతే ఉండుకం పగిలి చీము కడుపంతా వ్యాపించవచ్చు. కొన్ని తేలిక కేసులను యాంటీబయాటిక్స్‌తో అదుపు చేయగలరు గానీ, ఆ నిర్ణయం ఆసుపత్రిలో పరీక్ష తరువాతే జరగాలి. సోడా తాగించి, కడుపుకు నూనె రాసి రాత్రంతా చూడడం మాత్రం ప్రమాదం.

హెర్నియాను చూస్తే ఈ వర్గీకరణ బాగా అర్థమవుతుంది. గజ్జలో ఉబ్బు కనిపిస్తుంది, పడుకొంటే లోపలికి పోతుంది, నొప్పి ఉండదు. అప్పుడు అది ఐచ్ఛిక శస్త్రచికిత్స. వల లాగేవారు, మంచు పెట్టెలు మోసేవారు, ‘వేట లేని నెలల్లో చేయించుకొంటాను’ అని వాయిదా వేస్తారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలతో వేట నిషేధం ఉంటుంది కాబట్టి ఆ లెక్క సబబుగానే ఉంది. కానీ ఒక రోజు ఆ ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలయితే లోపల పేగు ఇరుక్కొందని అర్థం. పేగుకు రక్తం అందక కొన్ని గంటలలోనే కుళ్లిపోతుంది. నిన్నటి ఐచ్ఛికం ఈ రోజు అత్యవసరమైంది. అప్పుడు ఉబ్బు ఒక్కదాన్ని సరిచేస్తే చాలదు, పేగు ముక్కను కూడా కోసి తీయవలసి రావచ్చు. జబ్బు అదే, మనిషి అతనే, ప్రమాదం మాత్రం అనేక రెట్లు పెరిగింది.

ఈ తేడా కాగితాల మీద కూడా కనిపిస్తుంది. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. ప్రభుత్వాలతో పాటు దాని పేరు మారుతూ వచ్చింది గానీ పద్ధతి మారలేదు. ఐచ్ఛిక శస్త్రచికిత్సకు ముందస్తు అనుమతి రావాలి. అత్యవసరానికి ఫోన్ ద్వారా అనుమతి తీసుకొని చికిత్స మొదలుపెట్టవచ్చు. 2005లో ప్రారంభమైన 108 వాహనం అత్యవసరం కోసమే. ప్రమాద కేసు అయితే పోలీసులు వచ్చేదాకా ముట్టుకోమని చెప్పే హక్కు ఏ ఆసుపత్రికీ లేదని సుప్రీంకోర్టు 1989లోనే స్పష్టం చేసింది. జాతీయ రహదారి పక్కన ఊళ్లలో ఉండేవారు ఇది తప్పక తెలుసుకోవాలి.

7.2 దేనికోసం చేస్తున్నారు?

కాలం తరువాతి ప్రశ్న ఉద్దేశం. ఈ భాగానికి ఇదే గుండెకాయ.

జబ్బును పూర్తిగా పోగొట్టడానికి చేసేది నివారణ శస్త్రచికిత్స. ఉండుకం తీయడం, రాళ్లున్న పిత్తాశయం తీయడం, తొలిదశలో ఉన్న క్యాన్సర్ గడ్డను తీయడం దీనికి ఉదాహరణలు. తీరప్రాంతానికి ప్రత్యేకమైన ఉదాహరణ కావాలంటే వరిబీజం ఉంది. ఊళ్లలో బుడ్డ అని అంటారు. క్యూలెక్స్ దోమ ద్వారా వచ్చే బోదకాలు క్రిమి వృషణాల చుట్టూ ఉన్న పొరలో నీరు చేరేలా చేస్తుంది. కోస్తా జిల్లాల్లో బోదకాలు చాలాకాలంగా ఉన్నదే. ఏటా ఇళ్ల దగ్గర మింగించే డి.ఇ.సి., ఆల్బెండజోల్ మాత్రలు క్రిమి వ్యాప్తిని ఆపుతాయి గానీ, ఒకసారి పెరిగిన వరిబీజాన్ని తగ్గించవు. సూదితో నీరు తీయిస్తే మళ్లీ చేరుతుంది, పైగా చీము పట్టవచ్చు. నీరు చేరే సంచిని కోసివేయడమో, తిరగేసి కుట్టడమో చేస్తే సమస్య తీరుతుంది. వెన్నుకు మత్తు ఇచ్చి గానీ, ఆ చోటుకు మాత్రమే మత్తు ఇచ్చి గానీ చేస్తారు. సిగ్గుతో ఏళ్ల తరబడి పంచె మాటున దాచుకొని, పడవ ఎక్కలేక, పెళ్లిళ్లకు పోలేక ఉన్న మనుషులు ఈ తీరమంతా కనిపిస్తారు. బోదకాలుకు మాత్రం ఇంత సులువైన శస్త్రచికిత్స లేదు. కాలును శుభ్రంగా కడిగి, వ్రేళ్ల సందులు ఆరబెట్టి, ఎత్తుగా పెట్టుకోవడమే దానికి ప్రధాన చికిత్స. ఒకే జబ్బు తెచ్చిన రెండు వాపులలో ఒకటి కత్తికి లొంగుతుంది, రెండోది లొంగదు. ఇంటింటికీ తిరిగేవారు ఈ తేడా చెప్పగలిగితే ఎంతో మేలు.

పోయిన పనితనాన్ని తిరిగి తెచ్చేది పునర్నిర్మాణ శస్త్రచికిత్స. కుష్ఠు వల్ల మోచేతి దగ్గర నరం చచ్చుబడి వేళ్లు కొక్కెంలా వంగిపోయిన చేతిని ఊహించుకోండి. క్రిమి మందులతో చచ్చినా వేళ్లు చాపుకోవు. వేళ్లు చాపుకోకపోతే వల అల్లే కండె పట్టుకోలేరు, అన్నం కలుపుకోలేరు. 1940ల చివరలో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ పాల్ బ్రాండ్ ఈ చేతుల మీద పని మొదలుపెట్టారు. పనిచేస్తున్న ఒక కండర స్నాయువును దాని చోటు నుంచి విడదీసి, చచ్చుబడిన కండరం చేయవలసిన పనికి మళ్లించే పద్ధతి అది. ఊళ్లో ఒక కాలువ ఎండితే మరో కాలువ నుంచి నీరు మళ్లించినట్లే అనుకోండి. ఆ తరువాత ఆ స్నాయువుకు కొత్త పని నేర్పడానికి వారాల తరబడి వ్యాయామం చేయాలి. అది చేయకపోతే శస్త్రచికిత్స వృథా. నెల్లూరులో డామియన్ ఫౌండేషన్ కేంద్రం కుష్ఠు బాధితులకు ఈ తరహా సేవలు అందించింది. అందుచేత ‘కుష్ఠు తగ్గిపోయింది కదా, చెయ్యి ఇంతే’ అని ఎవరైనా అంటే నమ్మవద్దు.

గ్రహణం మొర్రి కూడా ఈ వర్గంలోనిదే. గ్రహణం నాడు గర్భిణి కూరగాయలు తరిగినందువల్ల రాలేదది. గర్భంలో తొలి వారాలలోనే పై పెదవి, అంగిలి కలియకపోవడం వల్ల వస్తుంది. పెదవిని సాధారణంగా మూడు నెలల వయసు దాటాక, అంగిలిని తొమ్మిది నెలల నుంచి ఏడాదిన్నర లోపు సరిచేస్తారు. అంగిలి ఆలస్యమైతే మాట ముక్కులోనే స్థిరపడిపోతుంది. కంటి శుక్లాన్ని తీసి కృత్రిమ కటకం అమర్చడం, ఎండలో, ఉప్పుగాలిలో ఏళ్ల తరబడి తిరిగినవారి కంటిపై పెరిగే కండను తొలగించడం కూడా చూపు అనే పనిని తిరిగి ఇచ్చేవే.

రోగాన్ని తీసేయలేనప్పుడు బాధను మాత్రమే తగ్గించేది ఉపశమన శస్త్రచికిత్స. అన్నవాహిక క్యాన్సర్ ముదిరి మెతుకు దిగనివారికి కడుపు గోడకు రంధ్రం చేసి గొట్టం ద్వారా ఆహారం పంపిస్తారు. గడ్డ అక్కడే ఉంటుంది. బంధువులు ‘ఆపరేషన్ చేయించాం, అయినా తగ్గలేదు, మోసపోయాం’ అని బాధపడేది ఎక్కువగా ఈ సందర్భంలోనే. కొందరు దీనికోసం పడవ అమ్ముకొంటారు, పొలం తాకట్టు పెడతారు. అందుచేత ముందే అడగవలసిన మాట ఒకటుంది: ‘ఇది జబ్బును పోగొట్టడానికా, బాధ తగ్గించడానికా?’ ఉపశమనం చిన్న విషయం కాదు. ఆకలితో చావకుండా చూడడం గొప్ప పనే. అయితే తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక ఆశపడడం వేరు.

రాబోయే దాన్ని ఆపేందుకు చేసేవి నిరోధక శస్త్రచికిత్సలు. ఆరోగ్యంగా ఉన్నవారికి చేసే కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సను కూడా ఈ వరుసలోనే చెప్పుకోవచ్చు. మన రాష్ట్రంలో ఇది దాదాపు పూర్తిగా స్త్రీల మీదే పడింది. పురుషులకు చేసే వేసెక్టమీ అంతకంటే సులభం, కడుపు తెరవనక్కరలేదు, అయినా చేయించుకొనేవారు నూటికి ఒకరు కూడా లేరు. దీనికి వైద్యశాస్త్రంలో కారణం వెతకకండి.

అవయవ మార్పిడి, సౌందర్య శస్త్రచికిత్సల గురించి క్లుప్తంగా చెబుతాం. దేశంలో మొదటి గుండె మార్పిడిని 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ రాజమహేంద్రవరానికి చెందినవారు. అవయవాల మార్పిడి చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి: (1) కాలిన గాయం మానాక మెడ చర్మం బిగుసుకుపోయి తల తిప్పలేని పిల్లకు చేసే శస్త్రచికిత్స ఉద్దేశం ఏమిటి? (2) అదే పిల్లకు అది అత్యవసరమా, ఐచ్ఛికమా? రెండు ప్రశ్నలకు వేర్వేరుగా జవాబు రాయండి.

7.3 పేరులోనే అర్థం

డిశ్చార్జ్ కాగితం మీద ఉండే పొడవాటి పేర్లకు భయపడనక్కరలేదు. తోక చూస్తే పని తెలుస్తుంది. ‘ఎక్టమీ’ అంటే తీసివేయడం: అపెండిసెక్టమీ, హిస్టరెక్టమీ. ‘ఆటమీ’ అంటే కోసి తెరవడం: లాపరాటమీ అంటే పొట్ట తెరవడం. ‘ఆస్టమీ’ అంటే బయటికి ఒక ద్వారం ఏర్పరచడం: కొలాస్టమీ. ‘ప్లాస్టీ’ అంటే తీర్చిదిద్దడం. ‘స్కోపీ’ అంటే గొట్టంతో లోపల చూడడం. టమీ, ఎక్టమీ, ఆస్టమీ వినడానికి ఒకేలా ఉంటాయి గానీ, బతుకులో వాటి మధ్య తేడా చాలా ఉంది. కాగితం చదివేటప్పుడు వేలు పెట్టి చదవండి.

7.4 కోత, గాయం

మన మాటల్లో సిజేరియన్ ‘పెద్దాపరేషన్’. వైద్యులు చెప్పే పెద్ద, చిన్న కోత పొడవును బట్టి ఉండవు. శరీరంలోని ముఖ్య కుహరాలు తెరుస్తున్నారా, రక్తం ఎంత పోతుంది, మత్తు ఎంత కావాలి అనే వాటిని బట్టి ఉంటాయి. లాపరోస్కోపీలో అర అంగుళం రంధ్రాలే పడతాయి. లోపల జరిగేది మాత్రం పూర్తి శస్త్రచికిత్సే. ‘చిన్న రంధ్రాలే కదా’ అని మూడో రోజే బస్తాలు ఎత్తరాదు.

గాయం శుభ్రతను బట్టి నాలుగు తరగతులు ఉన్నాయి: శుభ్రమైనవి (హెర్నియా, వరిబీజం), పేగు, గర్భాశయం వంటి మార్గాలను తెరిచినందువల్ల కొద్దిగా కలుషితమయ్యేవి, తాజా ప్రమాద గాయాల వంటి కలుషితమైనవి, అప్పటికే చీము పట్టినవి. తరగతి పెరిగేకొద్దీ శస్త్రచికిత్స తరువాత చీము పట్టే అవకాశం పెరుగుతుంది.

తీరంలో మూడో తరగతికి కొదవ లేదు. వల దులిపేటప్పుడు జెల్ల ముల్లు అరచేతిలో విరుగుతుంది. లోతులేని నీటిలో నడుస్తుంటే టేకు చేప తోకముల్లు పాదంలో దిగుతుంది. ఆ విషం వేడికి విరుగుతుంది. కాబట్టి వెంటనే చేయవలసింది ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో ఆ భాగాన్ని ఉంచడం. నీళ్లు కాలేంత వేడిగా ఉండకూడదు, ముందు ఇంకొకరు చెయ్యి పెట్టి చూడాలి. తరువాత ధనుర్వాతం టీకా, ముల్లు మిగిలిందేమో చూడడానికి ఎక్స్‌రే. సముద్రపు నీటిలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు, ముఖ్యంగా మధుమేహం, కాలేయ జబ్బు ఉన్నవారిలో, ఒకటి రెండు రోజులలోనే చర్మం కింది పొరలను కుళ్లబెడతాయి. అటువంటి గాయాన్ని వైద్యులు విప్పి, చచ్చిన కండ తీసి, కుట్లు వేయకుండా వదిలి, కొన్ని రోజుల తరువాత కుడతారు. ‘కుట్టకుండా పంపేశారు’ అని బంధువులు గొడవపడుతుంటారు. మురికి గాయాన్ని వెంటనే కుట్టేస్తే చీమును లోపల మూటకట్టినట్లవుతుందని వారికి చెప్పండి. మధుమేహం ఉండి ఇసుకలో ఒట్టి కాళ్లతో నడిచేవారికి పాదం మీద చిన్న పుండు కూడా వేలు, ఆ తరువాత కాలు తీసేదాకా పోవచ్చు. రాత్రి పూట అరికాలు చూసుకొనే అలవాటు ఆ శస్త్రచికిత్సను తప్పిస్తుంది.

7.5 మత్తు

నొప్పి లేకుండా కోయడం 1846లో అమెరికాలో ఈథర్‌తో, మరుసటి ఏడాది బ్రిటన్‌లో క్లోరోఫాంతో సాధ్యమైంది. క్లోరోఫాం క్షేమమా కాదా అని తేల్చడానికి ప్రపంచమంతా చూసిన పరిశోధన జరిగింది మన హైదరాబాదులోనే. నిజాం ప్రభుత్వం ఖర్చుతో, సర్జన్ ఎడ్వర్డ్ లారీ పూనికతో 1888, 1889లలో రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూంజీ ఆ పనిలో పాల్గొన్నారు. మత్తు వైద్యంలో తొలితరం మహిళలలో ఆమె ఒకరు. క్లోరోఫాం గుండెను నేరుగా దెబ్బతీయదని కమిషన్ చెప్పినది తరువాత తప్పని తేలింది. కానీ మత్తు ఇస్తున్నంతసేపూ శ్వాసను గమనించాలన్న వారి పట్టుదల నేటికీ నిలిచింది.

నేడు మత్తు మూడు విధాలు: ఆ చోటుకు మాత్రమే, వెన్నుపూసల మధ్య సూదితో కింది భాగమంతటికీ, పూర్తిగా నిద్రపుచ్చేది. ముందు ఆరు గంటలు ఘనాహారం వద్దనడం ఆచారం కాదు. మత్తులో వాంతి అయి అది ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణాపాయం. ‘చిన్నపిల్ల, ఏడుస్తోంది’ అని చాటుగా రెండు ఇడ్లీలు పెట్టే అమ్మమ్మలకు ఈ సంగతి విడమరిచి చెప్పాలి. అలాగే రోజూ తాగే మద్యం, పొగ, వాడే మందులు దాచకుండా మత్తు డాక్టరుకు చెప్పాలి.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశాల తనిఖీ పట్టిక తెచ్చింది. మత్తుకు ముందు, కోతకు ముందు, రోగి గది విడిచే ముందు సిబ్బంది పైకి చదివి సరిచూసుకోవాలి: మనిషి ఇతనేనా, కుడి కన్నా ఎడమ కన్నా, గుడ్డల లెక్క సరిపోయిందా? ఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రులలో దీన్ని వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. కొత్త యంత్రం ఏదీ కొనలేదు.

7.6 సంతకం ఎవరిది, దేనికి?

దేశంలో గర్భసంచి తొలగింపు ఎక్కువగా జరిగే రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపుతున్నాయి. నలభై ఏళ్లు నిండకుండానే తీయించుకొన్నవారు మీ వీధిలోనే ఉండవచ్చు. క్యాన్సర్, ఆగని రక్తస్రావం, బాగా కిందికి జారిన గర్భసంచి వంటి సందర్భాలలో అది ప్రాణం నిలిపే, బతుకును బాగుచేసే శస్త్రచికిత్సే. కానీ తెల్లబట్ట అవుతోందని వెళ్లిన మనిషికి ‘గర్భసంచికి పుండు పడింది, తీయకపోతే క్యాన్సర్ అవుతుంది’ అని చెబితే అక్కడ ఆగాలి. గర్భాశయ ముఖద్వారం ఎర్రబడడం క్యాన్సర్ కాదు. చిన్న పరీక్షతో క్యాన్సర్ ముందు మార్పులు ఉన్నాయో లేదో తెలుస్తుంది. అధిక రక్తస్రావానికి మాత్రలున్నాయి, హార్మోను విడుదల చేసే లూప్ ఉంది, గడ్డను మాత్రమే తీసే పద్ధతి ఉంది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీస్తే ఒక్కరోజులోనే ముట్లుడిగిన వయసు వచ్చేస్తుంది. ఎముకలు ముందే గుల్లబారతాయి. నాట్లు వేసే, రొయ్యలు ఒలిచే, చేపల గంప మోసే స్త్రీకి దాని అర్థం ఏమిటో వేరే చెప్పాలా? 2023లో సుప్రీంకోర్టు అనవసరపు గర్భసంచి తొలగింపులను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది.

ఇప్పుడు 7.0లో గుర్తుంచుకోమన్న మాటకు వద్దాం. చూడడం, తీయడం వేర్వేరు శస్త్రచికిత్సలు. లాపరోస్కోపీతో లోపల చూడడానికి మాత్రమే ఒప్పుకొన్న ఒక మహిళ మత్తులో ఉండగా, బయట ఉన్న ఆమె తల్లి అంగీకారం తీసుకొని గర్భసంచి, అండాశయాలు తొలగించారు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఆ అంగీకారం చెల్లదని తీర్పు చెప్పింది. వయసు వచ్చి, స్పృహలోకి వచ్చాక స్వయంగా నిర్ణయించుకోగల మనిషి బదులు మరొకరు సంతకం చేయలేరు. ప్రాణాపాయం ఉంటే తప్ప, నిర్ధారణకు ఇచ్చిన అంగీకారం చికిత్సకు పనికిరాదు. జబ్బు ఏమిటి, ఏం చేస్తారు, ప్రమాదాలేమిటి, వేరే మార్గాలున్నాయా, చేయించుకోకపోతే ఏమవుతుంది అనేవి రోగికి అర్థమయ్యేలా చెప్పాలి. వివాహిత స్త్రీ తన శస్త్రచికిత్సకు భర్త సంతకం తేవాలని చట్టం కోరదు.

అవసరమైన శస్త్రచికిత్సను ఆపమని చెప్పే పని మీది కాదు. అది ఇంకా పెద్ద ప్రమాదం. మీరు చేయగలిగింది ఐచ్ఛికమని తెలిసినప్పుడు రెండో వైద్యుని అభిప్రాయానికి దారి చూపడం. నెల్లూరులో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది, దానికి అనుబంధంగా 2014లో ఏర్పడిన ఏ.సి. సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. మైపాడు నుంచి నెల్లూరుకు గంట ప్రయాణం. ఒక అవయవం విషయంలో ఆ గంట ఎక్కువ కాదు.

కృత్యం

మీ ఇంట్లోగానీ, పక్కింట్లోగానీ ఉన్న పాత డిశ్చార్జ్ కాగితం ఒకటి, వారి అనుమతితో తీసుకోండి. పేరు, చిరునామా మీ నోటుపుస్తకంలో రాయవద్దు. శస్త్రచికిత్స పేరు తెలుగులో రాసి, తోకను బట్టి అర్థం చెప్పండి. అది ఎంత తొందరతో, ఏ ఉద్దేశంతో, ఏ మత్తుతో చేశారో గుర్తించండి. చివరగా, చేయించుకొన్న మనిషిని అడగండి: కాగితం మీద సంతకం ఎవరు పెట్టారు? పెట్టే ముందు ఎవరు ఏం చెప్పారు? ఆ జవాబును వారి మాటల్లోనే రాసుకొని, మీ అధ్యయన కేంద్రంలో జరిగే తరగతికి తీసుకురండి.